చుక్క తప్పిన వాన

పత్తి మూటను గోదాము గుమ్మం దాటిస్తూ తంగసామి ఇంగ్లీషు వాక్యాన్ని పెదవుల మీద మళ్ళీ మొదటినుంచి నడిపించాడు. "సర్, అయామ్ వెరీ హ్యాపీ టు స్టడీ ఇన్ దిస్ కాలేజ్." మూట దించేసరికి వాక్యమూ జారిపోయింది. బయటికి వచ్చి, తలమీది ఎర్ర చుట్టకుదురు సర్దుకుని, ఇంకో మూటతోపాటు దాన్నీ ఎత్తుకున్నాడు.

అతనికి ముప్పై దాటాయి. మెడ పొట్టిది, ఎద్దు మూపురంలా గట్టిపడింది. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి పత్తి నూగు. ఈమధ్య ఆ నూగు ఊపిరితిత్తుల్లోకీ దిగినట్టుంది, నాలుగు మూటలకొకసారి దగ్గు తెర వచ్చి పోతుంది. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెలో మూడో ఫారం చదువుతుండగా తండ్రి పోయాడు. పుస్తకం దించి మూట ఎత్తుకున్నాడు. పెద్దలు ఇంకా విరుదుపట్టి అనే పిలిచే ఈ విరుదునగరంలో వారమంతా మోయడం, ఆదివారం రైలెక్కి పోయి పెళ్ళాం ముత్తమ్మాళ్ చేతి కూడు తినడం, అంతే అతని బతుకు. ఏడాదిన్నర కిందట దానికి సాయంత్రం పూట ఒకటి అతుక్కుంది. కాలేజీ.

కాలేజీ అంటే మిరపకాయల మండీ పైన ఒక పొడుగాటి గది. కొన్ని టైపు మిషన్లు, రెండు వరసల బల్లలు, ఒక నల్లబల్ల, కృష్ణసామి మాస్టరు. కింద బస్తాలు కుమ్మరించారంటే పైన తుమ్ములే తుమ్ములు.

ఆ రోజు తిట్ల శుక్రవారం. పేరు పిల్లలు పెట్టినది. నెలాఖరు శుక్రవారం ఒక్కొక్కరే లేచి కాలేజీ గురించి మనసులో ఉన్నది ఇంగ్లీషులో చెప్పాలి, మిగతావాళ్ళు దాన్ని షార్ట్‌హ్యాండులో రాయాలి, మాస్టరు చూపించినవాడు చదివి వినిపించాలి. "నన్ను ఎంతైనా తిట్టండి. గీత మాత్రం తప్పొద్దు," అనేవాడు మాస్టరు.

ఈసారి తిట్ల వెనక ఇంకో సంగతి ఉంది. తూత్తుక్కుడిలో పత్తి కొనే ఏజెంటు రేపు పొద్దుటికల్లా ఒక గుమాస్తా కావాలన్నాడు. రాత బాగున్నవాళ్ళు ఇద్దరు, తంగసామి, నూనెకొట్టు సుడలైమాడన్. ఇవాళ ఎవరికి నోరు తిరుగుతుందో చూసి పంపుతానన్నాడు మాస్టరు. తంగసామికి అదే గుబులు. ఇన్ని శుక్రవారాలూ "సేమ్ సర్" అని కూర్చున్న మనిషి అతను. ఈ ఉద్యోగం తప్పితే గోదామే. గోదామైతే దగ్గే.

సుడలైమాడన్ ముందు లేచాడు. ఇరవై ఏళ్ళవాడు, నూనె పెట్టి దువ్విన క్రాపు. ఇంగ్లీషులో అందుకున్నాడు. "ఈ కాలేజీలో సబ్జెక్టులు మూడు. షార్ట్‌హ్యాండ్, టైపు, తుమ్ము. మూడోదాంట్లో అందరమూ ఫస్టు క్లాసే." గది గొల్లుమంది. "ఇంకొకటి సార్. మేము రాసే ఉత్తరాలన్నీ లండనుకే పోతాయి. కింద మిరపకాయల చెట్టియారుకు ఒక్కటైనా రాయించండి. ఉద్యోగం ఇచ్చేది ఆయనే."

"సబబే," అన్నాడు మాస్టరు, రాస్తూనే. "తర్వాత, తంగసామి."

తంగసామి లేచాడు. "సర్, అయామ్..." సరిగ్గా అప్పుడే కింద ఎవరో బస్తా విప్పారు. తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా. తుడుచుకుని తలెత్తేసరికి వాక్యం లేదు. వెతికితే ఒక్క ముక్కా దొరకలేదు. పెన్సిళ్ళన్నీ అతని కోసం ఆగి ఉన్నాయి. ఆ కంగారులో నోటికి తెలిసిన ఒకే దారిన మాట బయటికొచ్చింది, ఇంట్లో మాట.

"ఈడికొచ్చే ముందర నన్ను తంగం అంటిరి, డేయ్ అంటిరి. ఈ కాలేజీలోనే నా పేరు ముళుసుగా తంగసామీ అని పిలిచిరి. మొదుటి దినం బల్లమీద కూసుంటే కాళ్ళు యాడ పెట్టేదో తెలీలేదు. పిలకాయలు నగిరి, నేనూ నగితిని. మిషన్లన్నీ ఒకేతూరి కొడితే మా కరిసల్లో వాన పడినట్టుంటాది. వానకి ఎదురుచూసేవోణ్ణి. లేసి పోబుద్ది కాదు."

అప్పుడు తెలిసింది తను తెలుగు మాట్లాడుతున్నానని. గదిలో ఆ మాట తెలిసినవాళ్ళు లేరు. అయినా పెన్సిళ్ళు ఆగలేదు. షార్ట్‌హ్యాండుకు కావలసింది చప్పుడే. గీత హల్లు, దాని పక్క చుక్క అచ్చు; చుక్క చోటు తప్పితే మాటే మారిపోతుంది.

"చదువు," అన్నాడు మాస్టరు సుడలైమాడన్‌తో.

వాడు కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అడుగడుక్కీ తడుముకుంటూ చదివాడు. తంగసామి వింటూ నిలబడ్డాడు. వాళ్ళింట్లో ఆ మాటను ఎవరూ ఎన్నడూ రాసింది లేదు, చదివింది లేదు. చచ్చిపోయిన తల్లి యాస నూనెకొట్టు కుర్రాడి నోట్లోంచి వస్తోంది.

"...మా కరిసల్లో వీణ పడినట్టుంటాది."

తంగసామి ఫక్కున నవ్వాడు. గదిలో నవ్వినవాడు అతనొక్కడే.

"ఏంటన్నా, ఏం తప్పింది?" అన్నాడు సుడలైమాడన్ అరవంలో.

"నాట్ వీణ," అన్నాడు తంగసామి. నవ్వు ఇంకా ఆగలేదు. "రెయిన్. యువర్ డాట్ ఈజ్ రాంగ్. రెయిన్ ఈజ్ ఫాలింగ్, సర్. ఆన్ అవర్ బ్లాక్ సాయిల్."

మాస్టరు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "మిగతాదీ చెప్పు."

చెప్పాడు. నెమ్మదిగా, అక్కడక్కడ విరిగిన ఇంగ్లీషులో. కంఠతా పట్టింది కాదు గనక ఏదీ జారిపోలేదు. బల్ల, కాళ్ళు, నవ్వు, నిండు పేరు, అన్నీ వచ్చాయి. ఈసారి ఎవరూ రాయలేదు.

మాస్టరు తంగసామి వైపు తిరిగాడు. "ఆ ఏజెంటు దగ్గరికి విళాత్తికుళం రైతులు బళ్ళు కట్టుకొస్తారట. వాళ్ళు మాట్లాడేదీ ఇదేగా?"

"ఇదే సార్."

"వాళ్ళు చెప్పింది విని ఇంగ్లీషులో పెట్టే మనిషి లేక ఆయన నెత్తి బాదుకుంటున్నాడు. ఈ రాత్రి బండికే పో."

సుడలైమాడన్ ముఖం ఒక్క క్షణం వాడి, సర్దుకుంది. "నా చుక్క తప్పు, నీ ఉద్యోగం ఒప్పు. తూత్తుక్కుడి నుంచి ఒక గంప ఉప్పైనా పంపన్నా."

"ఒట్టి ఉప్పేనా? ఉప్పుచేప కరవాడు వద్దా?"

"అమ్మ ఇంట్లోకి రానివ్వదు."

తంగసామి మాస్టరు కాళ్ళకు దండం పెట్టి మెట్లు దిగాడు. కోవిల్‌పట్టిలో దిగి ముత్తమ్మాళ్‌కు చెప్పి, తెల్లవారుజాము బండి పట్టుకోవాలి. శుక్రవారం పూట గుమ్మంలో మొగుణ్ణి చూస్తే ముందు భయపడుతుంది పిచ్చిది. తర్వాత నగుతుంది.

రైలు కూత విని మాస్టరు కిటికీలు మూయడానికి లేచాడు. వెనక బల్ల చివర, గోడ పక్కన, పాత ఎర్రచీర ముక్క చుట్టి చేసిన చుట్టకుదురు ఒకటి కూర్చుని ఉంది, నడుమ సరిగ్గా ఒక తల పట్టేంత పల్లంతో.