పసుపు కుంకుమల ఎకరం

"మేడమ్, కిందటేడు జూన్‌లో పొలం అమ్మారా?"

ఆడిటర్ లక్ష్మీకాంత్ అడిగిన తీరుకి సుస్మితకు నవ్వొచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆ ఆఫీసుకు ఆమె ఏటా జులైలో వస్తుంది. కాలేజీ ఇచ్చిన ఫారం పదహారు చేతిలో పెడితే రిటర్న్ పని పది నిమిషాల్లో అయిపోయేది.

"అమ్మడమేంటండీ! పామర్రు దగ్గర ఎకరం ఉంది. పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమల కింద రాసిచ్చారు. మా అన్నయ్య కిరీటి చూసుకుంటున్నాడు."

"ఎంత బాగా చూసుకున్నారో చూడండి." ఆయన మానిటర్ ఇటు తిప్పాడు.

ఆమె పాన్ నంబరు మీద పన్నుల శాఖకు చేరిన వివరాలవి. స్థిరాస్తి అమ్మకం, నలభై ఆరు లక్షలు. కింద పామర్రు బ్యాంకులో డిపాజిట్ మీద వడ్డీ, రెండు లక్షల నలభై వేలు.

నాన్న చనిపోయిన సంవత్సరం అన్నయ్య ఆమెను రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లాడు. పంట లోనుకని చెప్పి వేలిముద్రలు వేయించాడు. ఆమె ఒక్క కాగితమూ చదవలేదు. అన్నయ్య పెట్టమన్న చోట చదివి సంతకం పెట్టే ఆడపడుచు వాళ్ల వంశంలోనే లేదు.

"అది పవర్ ఆఫ్ అటార్నీ అయ్యుంటుంది. అమ్మిన డబ్బు తన పేరున వేసుకుంటే వడ్డీకి పన్ను కట్టాలని మీ పేరున వేశారు. పాన్ ఇస్తే బ్యాంకు మొత్తం పైకి చెప్పేస్తుందని తెలీదు పాపం. డిపాజిట్ ఇంకా ఉంటే అది మీదే. ఆయన తీసేసేలోగా వెళ్లండి."

సుస్మితకు గుర్తొచ్చింది డబ్బు కాదు, మినుములు. ఏప్రిల్‌లో అన్నయ్య మినుముల బస్తా పంపాడు, 'మన చేలో పంట' అని. ఆ మినపప్పు రుబ్బి గారెలు వండి నాన్న తద్దినానికి విస్తట్లో వడ్డించింది. అప్పటికి చేను చేతులు మారి పది నెలలు.

మెట్లు దిగుతూ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటానే? నీ ఎకరంలోనే! దమ్ము చేయిస్తున్నా. మోకాలి దాకా బురద."

వెనక రేకుల మీద సుత్తి దెబ్బలు ఠంగుఠంగున మోగుతున్నాయి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే అన్నయ్య షెడ్డు మోత అది.

"జాగ్రత్త అన్నయ్యా, బురదలో జారతావ్" అని పెట్టేసింది. ఆ ఫోన్ మళ్లీ చెవికి ఆనించుకోబుద్ధి కాలేదు.

పవర్ రద్దు చేస్తున్నట్టు లక్ష్మీకాంత్ టైపు చేయించిన ఉత్తరంతో గంటన్నరలో పామర్రు చేరింది. బ్యాంకు మేనేజర్ హెలెన్ ఆధార్ మీది ఫోటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"మీరేనా సుస్మిత గారు? మీకు పక్షవాతమండీ, మంచం దిగరు, మాట కూడా రాదు అన్నారే మీ అన్నయ్యగారు? కళ్లనీళ్లు పెట్టుకున్నారు కూడానూ!"

సుస్మిత బల్ల అంచు పట్టుకుంది.

"మాటొచ్చిందండీ. ఇవాళే వచ్చింది. డిపాజిట్ ఉందా?"

"ఉంది. ఎల్లుండి తీసేస్తానన్నారు."

"నేనిప్పుడే తీసేస్తాను. నా జీతం ఖాతాలో వేయండి."

వేలిముద్ర సరిపోయింది. డబ్బు కదిలింది. ఆ మెసేజ్ కిరీటి ఫోన్‌కి పోయింది, ఖాతాకి అతను ఇచ్చుకున్న నంబరు తనదే కాబట్టి. బస్టాండ్ చేరకముందే ఫోన్ మోగింది.

"ఏంటే ఇది? సొంత అన్నని దొంగని చేస్తావా?"

"నేనేం చేయలేదు అన్నయ్యా. రిటర్న్ వేసుకుంటున్నా. వడ్డీ చూపించి పన్ను కడతా. పొలం నువ్వు ఏమని చెప్పి అమ్మావో పోలీసులకి చెప్పుకో."

"ఏటేటా బస్తా పంపించానే! అది కూడా మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. ఆ బస్తా ఏ కొట్లో కొన్నావో బిల్లు పంపు. నాన్నకి దొంగ పిండం పెట్టించావు, ఆ డబ్బూ నీకు తిరిగిచ్చేస్తా."

అవతల సుత్తి మోగుతుండగానే సుస్మిత ఫోన్ పెట్టేసింది.

ఇంటికి రాగానే మిగిలిన మినుముల డబ్బా వీధి చెత్తకుండీలో బోర్లించింది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. బొటనవేలు మాత్రం ఇంకోసారి రుద్దుకుంది.