నల్లబడ్డ గిడ్డంగి

నా భార్య హొనోరాకి జ్వరం పట్టి ఆరు రోజులైంది. జ్వరాల ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే దానికి చందా కట్టే పెద్దమనిషి ఎవరైనా ఉత్తరం రాసివ్వాలి. లిమరిక్ ఊరు మొత్తంలో నన్నెరిగిన పెద్దమనిషి ధాన్యం వ్యాపారి పెల్ ఒక్కడే. కిందటి వసంతంలో అతనికి షానన్ నది అవతలి గట్టు నుంచి ఊరి బొమ్మ వేసిచ్చాను. కోట, వంతెన, చర్చి గోపురం, రేవులో తెల్లగా అతని కొత్త గిడ్డంగి. ఆ ధైర్యంతో పొద్దున్నే వెళ్ళాను.

పెల్ బొగ్గుల పొయ్యి పైన గోడకున్న బొమ్మ చూపించాడు.

"ఏమిటిది, హార్టిగన్?"

బొమ్మలో గిడ్డంగి నల్లగా మాడిపోయినట్టుంది.

"ఆకలికి జనం ధాన్యం బళ్ళ మీద పడి దోచుకుంటుంటే, నా గిడ్డంగి తగలబడ్డట్టు వేస్తావా? బెదిరిస్తున్నావా?"

"అయ్యో, లేదు దొరా! నేను వేసింది తెలుపే. పొయ్యి పొగకి..."

తప్పు నాదే. నీటిరంగుల్లో తెలుపంటే ఖాళీగా వదిలిన కాగితం. నేర్చుకున్నవాడికి అది మొదటి పాఠం. నేను పదేళ్ళకే బడి మానేసి సారా దుకాణాల బోర్డులు రాసినవాణ్ణి. గిడ్డంగి కావాలని అతను చివర్లో అడిగాడు. అప్పటికే అక్కడ నది నీలం ఆరిపోయింది. దానిమీద బోర్డులకి వాడే సీసం తెలుపు పూసేశాను. బొగ్గు పొగ తగిలితే అది నల్లబడుతుంది.

"ఇప్పుడే గీకి తెల్లగా చేస్తాను దొరా. ఉత్తరమొక్కటి రాయండి. నా భార్య..."

"ముందు అది చెయ్యి."

కత్తి మొనతో గీకాను. నలుపు పోయి నీలం వచ్చింది. నీలం పోయి కాగితం మెరిసింది. అక్కడ ఆగాల్సింది. మూలన చుక్కంత మిగిలిందని మళ్ళీ గీకాను. కాగితం చిరిగింది.

పెల్ బొమ్మని కిటికీకేసి ఎత్తిపట్టాడు.

"భేష్. గోడకి కన్నం కూడా వేశావు. దొంగలకి శ్రమ తగ్గింది. ఇక నడు."

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి తలుపు ఊడదీసి, హొనోరాని దానిమీద పడుకోబెట్టాను. పక్కింటి టీగ్ వచ్చి గుమ్మం బయటే ఆగాడు.

"ఉత్తరం ఇచ్చాడా?"

"లేదు."

"మరి ఆసుపత్రి గేటు తీస్తారేంట్రా?"

"తీయరు."

"పిచ్చెక్కిందా నీకు?"

"గేటుకి అడ్డంగా పడుకోబెడతాను. లోపలికెళ్ళే డాక్టరు దాటాలంటే కిందకి చూడాలిగా."

టీగ్ పక్కకి ఉమ్మి, కోటు కాలరు నోటికి అడ్డం లాక్కున్నాడు.

"కాళ్ళ వైపు నేను పట్టుకుంటా. తల వైపు నువ్వే పట్టుకో."

ఎత్తగానే హొనోరా కళ్ళు తెరిచింది.

"తలుపెక్కడికి మోసుకెళ్తున్నారు? ఇంట్లోకి చలి రాదూ?" అంది.