రెండో డిస్కు

పెడనలో వెంకటపతి గారి కలంకారీ కార్ఖానాలో కంప్యూటరు ముందు కుర్చీ పన్నెండేళ్ళు రాజకుమార్‌ది. చెక్క అచ్చుల మీది ప్రతి పువ్వునీ, తీగనీ స్కాన్ చేసి, అరిగిపోయిన గీతల్ని మళ్ళీ గీసి దాచింది అతనే. ఇప్పుడు ఆ కుర్చీలో గుడివాడ నుంచి వచ్చిన సుచిత్ర కూర్చుంటోంది. చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే యజమానికి ప్రతిదానికీ "సుచిత్రమ్మ ఏమందో కనుక్కో." రాజకుమార్‌కి కడుపు మండిపోయేది. దాన్ని అసూయ అనడానికి అతనికి మనసొప్పేది కాదు గానీ, అది అచ్చంగా అసూయే.

ఆ రోజు కొత్త హార్డ్ డిస్కు వచ్చింది. డిజైన్లున్న పాత డిస్కు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు కాబట్టి, కొత్తదాన్ని పార్టిషన్ చేసి, అంటే లోపల భాగాలు వేసి, అన్నీ అందులోకి కాపీ చెయ్యాలి. పార్టిషన్ చేసిన డిస్కులో ముందున్నదేదైనా తుడిచిపెట్టుకుపోతుంది. రెండూ ఒకే సైజు. రెండూ తగిలించి, సుచిత్ర నల్ల తెర మీద ఏవో అక్షరాలు టకటకా కొట్టింది. మౌస్ ముట్టుకోకుండా ఆ పిల్ల పని చేస్తుంటే అతనికి అదంతా పొగరులా కనిపించేది.

"కొత్తదాని పేరు ఎస్‌డీబీ, పాతది ఎస్‌డీసీ. అన్నం తినేసొచ్చి పార్టిషన్ చేసేస్తానండీ" అని వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పది నిమిషాలకి కరెంటొస్తే రాజకుమారే కంప్యూటరు ఆన్ చేశాడు. ఆమెని చూసి దొంగచాటుగా నేర్చుకున్న కమాండు ఒకటి కొట్టి చూశాడు. ఖాళీగా ఉండాల్సిన ఎస్‌డీబీ కింద పాత డిస్కు పార్టిషన్ కనబడుతోంది. ఆన్ చేసినప్పుడు ఏ డిస్కు ముందు దొరికితే దానికి ముందు పేరు తగిలిస్తుంది మెషీను. పేర్లు తారుమారయ్యాయి; ఎస్‌డీబీ అంటే ఇప్పుడు డిజైన్లున్న పాత డిస్కే.

చెబుదామనే అనుకున్నాడు. కానీ తెర తుడిచేసి, ఆమె వదిలినట్టే పెట్టి లేచాడు. ఎందుకంటే బందరులో తన ఇంట్లో ఆ డిజైన్లన్నిటికీ కాపీ ఉంది. పెడనలో ఒక కార్ఖానా డిజైను గడప దాటిందంటే దొంగతనం కిందే లెక్క. అది తెలిసే, కుర్చీ పోయినట్టు రేపు ఉద్యోగమూ పోతే ఇంకోచోట పనికొస్తాయని వారం వారం చిన్న డిస్కులో పట్టుకెళ్ళేవాడు. ఇప్పుడా పిల్ల అంతా తుడిచేస్తుంది, ఏడుస్తుంది, తను తెచ్చిస్తాడు. ఎవరి విలువెంతో అప్పుడు తెలుస్తుంది!

సుచిత్ర వచ్చి పని మొదలుపెట్టింది. మధ్యలో తెర ఏదో అడిగింది.

"ఇందులో ఇదివరకటి ఫార్మాట్ ఏదో ఉంది, తీసెయ్యనా అంటోంది. కొత్త డిస్కులోనూ కంపెనీవాళ్ళు ఏదో ఒకటి వేసే పంపిస్తారు కదండీ?" అని అతని వైపు తిరిగింది. "మీరు చాలా చూసుంటారు."

"పంపిస్తారు, పంపిస్తారు. కొట్టెయ్."

కొట్టేసింది. ఫార్మాట్ కూడా చేసేసింది. కాపీ చేద్దామని రెండో డిస్కు తెరిస్తే అదీ ఖాళీ. ఏడుస్తూ వెళ్ళి యజమానిని పిలుచుకొచ్చింది.

"మా తాత చెక్కించిన అచ్చులమ్మా!" అని వెంకటపతి గారు కూలబడ్డారు. "సగం చెదలు తినేశాయి. ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు."

"కంగారు పడకండి, నేనున్నాను" అని రాజకుమార్ బండి తీశాడు. ముక్కాలు గంటలో బందరు వెళ్ళొచ్చి, చిన్న డిస్కు యజమాని చేతిలో పెట్టాడు. దారి పొడుగునా అతను ఊహించుకున్న సంతోషం ఆయన మొహంలో కనిపించింది. ఒక్క క్షణమే.

"ఇవి మీ ఇంట్లో ఎందుకున్నాయి, రాజకుమార్?"

అతను అన్నీ ఆలోచించాడు, ఈ ప్రశ్న ఒక్కటి తప్ప.

"నేనే పట్టుకెళ్ళమన్నానండీ" అంది సుచిత్ర కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ ఒకేచోట ఉంటే ప్రమాదమని. మీకు చెప్పకపోవడం నాదే తప్పు."

రాజకుమార్ ఆమె వైపు చూశాడు. ఆ పిల్ల, తనని గట్టెక్కించిన మనిషి మాట పడకూడదని అబద్ధమాడుతోంది.

వెంకటపతి గారి మొహం విచ్చుకుంది. "చూశావా! వయసు చిన్నదే గానీ ఎంత ముందుచూపో! పన్నెండేళ్ళున్నావు, నీకెప్పుడైనా తట్టిందా ఈ ఆలోచన?"

తట్టిందంటే దొంగనని ఒప్పుకోవాలి.

"లేదండీ" అన్నాడు రాజకుమార్.