డీజిల్ చిన్నదాని కుళ్లు

నేను ఒక చిన్న విమానాన్ని. నలుగురు పట్టే ఒళ్లు, ముక్కున ఒక పంకా, దాని వెనక డీజిల్ ఇంజను. హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్లయింగ్ స్కూలు షెడ్డులో ఉంటాను. నా పక్కన పెద్దది, అంటే నాకంటే ఎన్నో ఏళ్ల ముందు వచ్చిన విమానం, ఉంటుంది. దాని మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది, అయినా ఎత్తకుండా నా కథ సాగదు.

మాది ఒకే నమూనా. తలుపు, సీటు, చక్రం, ఏది మార్చి పెట్టినా ఇద్దరికీ సరిపోతుంది. తేడా అంతా ఇంజనులోనే. అది పెట్రోలు తాగుతుంది. విమానాల పెట్రోలు మా దగ్గర దొరకడం గగనం. ఎక్కడినుంచో డ్రమ్ములు వచ్చేదాకా విద్యార్థులు దాని రెక్క కింద కూర్చుని టీ తాగేవారు. నాకు ఆ బాధ లేదు. నా డీజిల్ ఇంజనుకు పెద్ద పెద్ద జెట్ విమానాలు తాగే ఇంధనమే సరిపోతుంది, అదైతే ఎప్పుడూ దొరుకుతుంది. నన్ను విదేశం నుంచి తెచ్చిన రోజు, స్కూలు నడిపే ఇందుమతి గారు కొబ్బరికాయ కొట్టి, నా ముక్కు నిమిరి, "ఇక పెద్దదానికి రిటైర్మెంటే" అన్నారు. ఆ మాట దానికి వినబడాలని నేను ఎంత కోరుకున్నానో!

మంచి రోజులవి. విద్యార్థులు నాకోసం వంతులు వేసుకునేవారు. పెద్దది మూల నిలబడి దుమ్ము పట్టింది.

నా ఇంజనులో గేర్‌బాక్సు ఒకటుంది. కొన్ని గంటలు తిరిగాక దాన్ని విప్పి, ఇంజను చేసిన కంపెనీకే పంపాలి. వాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదట. నాకు ఇంకా బోలెడు గంటలు మిగిలే ఉన్నాయి. కాని ఇందుమతి గారు పంచాంగం తిరగేశారు. గాలి లెక్కలు, బరువు లెక్కలు పిల్లలకు నూరిపోసే మనిషే, వర్జ్యంలో మాత్రం గడప దాటరు.

"మస్తాన్, ఎల్లుండి నుంచి మూఢం. ఈలోగానే విప్పి పంపించేద్దాం" అన్నారు.

మస్తాన్ మా మెకానిక్. "ఇప్పుడే ఎందుకు మేడం? ఇంకా మస్తు టైముంది గద" అని గొణిగాడు గాని, విప్పాడు.

గేర్‌బాక్సు అక్కడికి చేరింది. ఆ వెంటనే కంపెనీ దివాలా తీసింది. గోదాముకు కోర్టువాళ్లు తాళం వేశారు. నా గేర్‌బాక్సు లోపల, నేను బయట.

"ఇంజన్‌కు ఏం కాలే మేడం. కంపెనీ మునిగితే ఇది ఏం జేస్తది?" అన్నాడు మస్తాన్. నాకు ఏడుపొచ్చింది. జబ్బు నాది కాదు, మంచం మాత్రం నేను ఎక్కాను.

ఇక పెద్దదాని దుమ్ము దులిపారు. దాని రేడియో మూగబోతే నాది పెట్టారు. సీటు చిరిగితే నా సీటు. టైర్లు అరిగాయని ఒకరోజు నన్ను కొయ్య దిమ్మెల మీదికెత్తి, నా రెండు చక్రాలూ ఊడదీసి దానికి బిగించారు. నా సొమ్ములు పెట్టుకుని అది రోజూ ఊరేగడం, నేను కళ్లప్పగించి చూడడం!

చివరికి ఆ కంపెనీని ఎవరో కొన్నారు. గేర్‌బాక్సు తిరిగి వచ్చింది. పెట్టె తెరుస్తుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇప్పుడు విప్పండి ఆ పెద్దదాన్ని, నావి నాకు ఇచ్చెయ్యండి అని లోలోపలే అరిచాను.

ఇందుమతి గారు నా ముందు చాలాసేపు నిలబడ్డారు. "చిన్నదాన్ని లేపాలంటే పెద్దదాన్ని విప్పాలి, అంతేనా?"

"అంతే మేడం. రెండిట్ల ఒక్కటే ఎగుర్తది."

"కొత్తవాళ్లూ రేపు మూసేస్తేనో? కంపెనీ ఉంటేనే ఎగిరేది ఇది. కంపెనీ పోయినా నువ్వు బాగుచెయ్యగలిగేది అది. పిల్లల్ని నేను దేంట్లో కూర్చోబెట్టను, చెప్పు?"

నా గేర్‌బాక్సు లాంటిదాని కోసం బెంగళూరులో నాలాంటి ఇంకో విమానం ఎదురుచూస్తుంటే దానికి అమ్మేశారు. ఇప్పుడు నేను కుళ్లుకోవడానికి ఇద్దరున్నారు.

దసరాకు ఆయుధపూజ చేశారు. ఇందుమతి గారు నా ముక్కుకీ గంధం రాశారు. "ఎగరనిదానికి ఎందుకు మేడం?" అని మస్తాన్ అంటే, "ఊరుకో, వింటుంది" అన్నారు. ఆ మాటకు నాకు ఆవిడ మీద కోపం పోయింది. పెద్దదాని మీద పోలేదు.

ఆ రోజే సుహాసిని అనే అమ్మాయి మొదటిసారి ఒంటరిగా ఎగరాలి. పెద్దదానికి బిగించిన నా సీటులోనే కూర్చుంది. స్టార్ట్ కావద్దు, కావద్దు అని మొక్కుకున్నాను. మొదటి తిప్పుకే అందుకుంది ముసల్ది. పూజకు చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు తొక్కుకుంటూ షెడ్డు దాటింది. రన్‌వే చివర మలుపు తిరిగి, ఒక్క క్షణం ఆగి, పరుగందుకుంది.

సగం రన్‌వే దాటేసరికి నా చక్రాలు నేల విడిచాయి, నేను లేకుండానే.