పెంచల్ పడవ అక్షరాలు

జయకుమార్ రాసిన బోర్డు చదవడం ఎవరి తరమూ కాదని వాకాడు అవతలి సముద్రపు ఒడ్డు పల్లెల్లో అందరూ నవ్వేవాళ్ళు. అతను మాత్రం మురిసిపోయేవాడు. యాభై అరవై ఏళ్ళ కిందట విదేశాల్లో పాటకచేరీల పోస్టర్ల మీద వేసిన సైకడెలిక్ అక్షరాలను ఫోన్లో చూసి, ఏడాదిన్నర కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగులో అలాంటి ఫాంటు గీశాడు మహానుభావుడు. తలకట్టు సాగిపోయి పక్క అక్షరం మీదికి ఒరుగుతుంది. సున్నా ఉబ్బుతుంది. అక్షరాలను గుండ్రంలో పోస్తే గుండ్రంగా, చేప బొమ్మలో పోస్తే చేపలా, ఎక్కడా ఖాళీ లేకుండా సర్దుకుంటాయి. నారింజ మీద ఊదా రంగు వేస్తే కళ్ళు తిరుగుతాయి. జ్యూస్ కొట్టుకూ, బ్యాండ్ మేళం వ్యానుకూ, క్రిస్మస్ బ్యానర్‌కూ అవే. చదవలేకపోయినా అది ఫలానా కొట్టని అంత దూరం నుంచే తెలిసిపోయేది.

"చదివేదానికి కాదబ్బయా, గుర్తుపట్టేదానికి," అనేవాడు.

నేల మీద ఎన్ని చోట్ల వాడినా అడిగేవాళ్ళు లేరు. సముద్రం సంగతి వేరు. అక్కడ పడవ పేరు ఎవరూ చదవరు. రంగూ, అక్షరాల వాటమూ చూసి ఫలానావాడి పడవ అనుకుంటారు. అందుకే ఒక పడవకిచ్చిన రాత ఇంకో పడవకివ్వకూడదన్నది ఆ పల్లెల కట్టుబాటు. ఈ అక్షరాలు రెండేళ్ళుగా దక్షిణపు పల్లె పెంచల్ పడవవి. పెద్దల ముందు మాటిచ్చి మరీ వేశాడు జయకుమార్.

ఆ మాట మొన్న తప్పాడు. చెల్లెలు కెజియా మొగుడు మాథ్యూ తన పాత నీలం పడవను తెచ్చి, "దీని మీద కెజియా పేరు రాయి బావా. ఆమెకు చెప్పమాక, తీసకపోయి చూపిస్తా," అన్నాడు. కాదనలేక రాశానని జయకుమార్ తనకు తాను చెప్పుకున్నాడు గానీ, చెల్లెలి పేరును ఆ అక్షరాల్లో చూసుకోవాలని అతనికే చెయ్యి దురద పెట్టింది. షెడ్డులో పట్టాలు కట్టి, నీలం మీద పెంచల్ పడవకు లాగే నారింజ పూసి, ఎవరి కంటా పడకుండా నాలుగు రోజుల్లో ముగించాడు.

ఆ పొద్దున మాథ్యూ కొత్త రంగుల పడవతో ఉత్తరంగా తన పల్లెకు బయల్దేరిన అరగంటకు, జయకుమార్ ఊరి జాలరి జడ్సన్ ఎనిమిది మందితో షెడ్డు ముందుకొచ్చాడు. చేతుల్లో ఇనప పైపులు, ఒక గొడ్డలి. ముందురోజు పెంచల్ మనుషులు జడ్సన్ వలలు కోసేసి, అడ్డం పోయిన అతని తమ్ముడి తల పగలగొట్టారు. ఆ తమ్ముడు నెల్లూరు ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఆ వంకర అక్షరాల పడవ ఉత్తరం పక్క పోతా కనపడిందంట. పెంచల్‌దే గదా? అట్లాంటిది ఇంకోటి లేదు గదా?" అన్నాడు జడ్సన్.

ఉంది అనాలి. అంటే మాట తప్పిన సంగతి బయటపడుతుంది, ఆ పైపుల్లో మొదటిది తన నెత్తినే పడుతుంది. మాథ్యూ ఈపాటికి చాలా దూరం పోయుంటాడులే అని సర్దిచెప్పుకున్నాడు.

"లేదన్నా," అన్నాడు.

పడవలు నీళ్ళలోకి దూకాయి. జయకుమార్ మాథ్యూకు ఫోన్ చేశాడు. ఇంజను మోతలో ఎవడికి వినపడుతుంది? పదకొండుసార్లు చేశాడు. చెల్లెలికి చేశాడు, ఆమె ఎత్తలేదు. ఒడ్డున అటూ ఇటూ తిరిగాడు. సిగ్గులేని మనిషి, అప్పుడైనా నలుగురిని పిలిచి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు.

రెండు గంటలకు వాళ్ళు ఈలలు వేసుకుంటూ తిరిగొచ్చారు. తాడు కట్టి లాక్కొచ్చిన పడవను ఇసుక మీదికి ఈడ్చారు. ఒక పక్కంతా గొడ్డలి వేట్లకు చీలిపోయింది. ఇంజను మీద నెత్తురు, నెత్తుట్లో అంటుకుపోయిన జుట్టు. మిగతావాళ్ళ కంటికి ఆ ఊదా అక్షరాలు ఎప్పటివే. జయకుమార్‌కు మాత్రం తన చేత్తో రాసిన చెల్లెలి పేరు కనిపించింది.

"మనిషేడీ?" అని అరిచాడు.

"ఎండకు మొహానికి తువ్వాలు చుట్టుకోనుండాడు," అన్నాడు జడ్సన్. "మమ్మల్ని చూసి చెయ్యూపినాడు, ఎంత పొగరు! తెడ్డుతో నెత్తిన ఒకటిచ్చినా. నీళ్ళలో పడి పడవ అంచు పట్టుకున్నాడు. వేళ్ళ మీద కొట్టినా. మళ్ళా పైకి రాలా."

"మా బావరా! మాథ్యూరా వాడు! పెంచల్ పడవ కాదురా ఇది!"

ఈలలు ఆగిపోయాయి. జడ్సన్ కాసేపు పడవను చూశాడు, తర్వాత జయకుమార్‌ను చూశాడు.

"లేదన్నావే," అన్నాడు. "నీ నోటితో లేదన్నావే నువ్వు."

మొదటి దెబ్బకు జయకుమార్ మోచెయ్యి విరిగింది. రెండోది పళ్ళ మీద పడింది. మూడోదానికి ఎత్తిన పైపును పారేసి, జడ్సన్ ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇద్దరు మళ్ళీ పడవ తోసుకుని వెతకడానికి వెళ్ళారు. దొరుకుతాడన్న ఆశ ఆ ఇద్దరికీ లేదు.

అప్పుడొచ్చింది కెజియా, స్కూటీ మీద. అన్న చేసిన ఫోన్లు ఆలస్యంగా చూసుకుని, కంగారుపడి వచ్చింది. నోట్లోంచి నెత్తురు కారుతున్న అన్నను చూసి పరిగెత్తుకొచ్చి, కొంగుతో తుడిచింది.

"ఎవరు కొట్టినారన్నా? ఆయనేడీ? ఇక్కడే గదా ఉండేది?"

జడ్సన్ మనుషులు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. ఆమె లేచి, చీలిన పడవ దగ్గరికి వెళ్ళి, ఇంజను మీది నెత్తురు చూసి వెనక్కి జరిగింది. పక్కన ఊదా రంగు అక్షరాలను తల వంచి చదవబోయింది. ఆమె వల్ల కాలేదు.

"ఏ తల్లి బిడ్డో పాపం," అంది. "ఎవరిదన్నా ఈ పడవ?"