సూరాంబ పళ్ళెం

నేను ఒక ఇత్తడి పళ్ళేన్ని. నా అంచు మీద ‘సూరాంబ’ అని చెక్కి ఉంది. అది యజమాని గుర్తా, నా పేరా అన్న సందేహం ఏళ్ళ తరబడి నన్ను వదల్లేదు.

అజ్జరంలో సుత్తిదెబ్బలు తిని పుట్టాను. కొన్నరోజే కొట్లో గొడవయింది. “ఇంటాయన పేరు చెక్కించాలి గానీ, ఆడదాని పేరేమిటే?” అన్నాడు సూరాంబ భర్త.

“పిండి రుబ్బేది నేను, పొయ్యి ఊదేది నేను. పేరు మాత్రం మీదా? చెక్కవయ్యా!” అందావిడ. ఉలి దిగింది. నొప్పి పుట్టినా ఆ మాట నాకు నచ్చింది.

నిడదవోలులో వీధి అరుగు మీద ఆవిడ అట్లు పోసి అమ్మేది. కొనలేని ఇళ్ళకీ నా నిండా అట్లు వెళ్ళేవి. పక్కవాటాలో వైదేహి కాపురం. ఆ పిల్ల నవలలు రాసేది. కూతురి బారసాల నాడు, బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయడానికి మంచి పళ్ళెం లేకపోతే సూరాంబ నన్ను ఇచ్చింది.

ఎరువు తెచ్చిన గిన్నెను మన ఇళ్ళల్లో ఖాళీగా పంపరు కదా. “ఆవిడ చేతి అట్ల ముందు నా వంట ఏపాటిది? మంచిదేదైనా చేసిన రోజు పంపిస్తా” అనుకుంటూ వైదేహి వాయిదాలు వేసింది. ఈలోగా భర్త పోయి, సూరాంబ కొవ్వూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. నేను దేవుడి గూట్లో పూల పళ్ళేన్నయ్యాను. మర్యాద ఎక్కువై బాకీ తీర్చలేని జాతి ఒక్క మనుషులదే అనుకుంటాను.

ఏళ్ళు గడిచాక వైదేహి ఒక నవల రాసింది. అరుగు మీద అట్లు పోస్తూ వీధి వీధినీ ఆదుకున్న ఆడమనిషి కథ. అది ఎవరిదో నాకు తెలియదా! కాని అందులో ఆవిడ పేరు హేమలత. పుస్తకానికి ‘మమతల ముంగిట మల్లెపందిరి’ అని పెట్టమన్నారు, అచ్చువేసే పర్వతాలుగారు.

వైదేహి తన పుస్తకాలకీ బారసాల చేస్తుంది. స్నానం చేసి, దీపం పెట్టి, నాలో బియ్యం పోసి రాయబోయింది. ‘మమతల ముంగిట’ దగ్గరే చోటు అయిపోయింది. చదును చేసి ‘హేమలత’ అని రాసింది. చక్కగానే పట్టింది గానీ, ఆవిడ మొహం కుదుటపడలేదు. నా అంచు పట్టుకున్న వేలు, అరిగిన అక్షరాల మీద ఆగింది.

“మనిషినంతా రాసి పేరు దాచానా స్వామీ?” అంది.

వెయ్యి పేర్లున్న స్వామికి ఒక్క పేరు మీద పేచీ ఏముంటుంది?

పేచీ ఫోన్‌లో పర్వతాలుగారికి వచ్చింది. “సూరాంబా? పాత సామాన్ల కొట్టనుకుంటారమ్మా! ఎవరు కొంటారు?”

“కొనకపోతే మానెయ్యనివ్వండి. ఆ పేరు కాకపోతే నవలే ఇవ్వను.”

“ఆవిడ వద్దంటేనో?”

“వద్దంటే అచ్చే వద్దు.”

మర్నాడే రాతప్రతిని నాలో పెట్టుకుని వైదేహి కొవ్వూరు బస్సెక్కింది.

వాకిట్లోనే సూరాంబ నన్ను గుర్తుపట్టింది. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నీ దగ్గరుందా? ఎవరికిచ్చానో మరిచిపోయి, పూజారిగారి భార్య మీద అనుమానపడి, ఇన్నేళ్ళూ ఆవిడతో మాట్లాడలేదే!”

“ఖాళీగా తేలేక ఆగాను పిన్నిగారూ,” అంటూ వైదేహి కొంత చదివి వినిపించింది. తర్వాత మెల్లగా, “మీ పేరు పెట్టుకోనా?” అని అడిగింది.

“ఈ హేమలత ఎవర్తె?” అంది ముసలావిడ. “కొట్టెయ్. అట్లు పోసింది నేను.”

కాగితాలు తీసి కళ్ళకద్దుకుంది. నన్ను కడిగి, వేడి అట్లు వేసి వైదేహి ముందు పెట్టింది. నా సందేహం తీరింది. ఆవిడ పేరే నా పేరు. ఇక పుస్తకానిదీ అదే.

“ఇక్కడే తిను,” అంది సూరాంబ. “పళ్ళెం మాత్రం పట్టుకెళ్ళకు.”