నవంబరు గడి

గాబ్రియేలు గట్టు మీద మోకాళ్లూని మరో కలుగు నోట్లోకి తొంగిచూశాడు. నిన్న సాయంత్రం తడిమట్టితో తాను మూసిన కన్నం తెల్లారేసరికి తెరుచుకుని ఉంది. గుల్ల మట్టి బయటికి పోసి ఉంది. లోపల ఎలుక ఉందన్నమాట. ఎడమ జేబులోంచి ఒక చింతగింజ తీసి కుడి జేబులో వేసుకున్నాడు. మూసింది మూసినట్టే ఉన్న కలుగును అతను లెక్కలోకి తీసుకోడు.

ఆత్మకూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని ఇదే. నెలకోసారి నాలుగెకరాల వేరుశనగ చేను గట్లన్నీ తిరిగి, ఎలుకలున్న కలుగులెన్నో రాసిపెట్టాలి. సన్నని మనిషి. గట్లకు ఆనీ ఆనీ మోకాళ్లు రెండూ కాయలు కాశాయి. ఎలుకల్ని లెక్కపెట్టే ఉద్యోగమా అని పెళ్లిళ్లలో చుట్టాలు నవ్వితే తనూ నవ్వేవాడు. ఈ రోజుతో కొలువు అయిపోతుంది.

శివాని రెండేళ్ల కిందట కడప నుంచి వచ్చిన శాస్త్రవేత్త. అతని పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. ఎన్ని పుడతాయి, ఎన్ని చస్తాయి, చేలో కాయ ఎంత ఉంటే ఎన్ని బతుకుతాయి, అన్నిటికీ సూత్రాలు కట్టి, ఏ నెల ఎన్ని ఎలుకలుంటాయో చెప్పే గీత గీసింది. గాబ్రియేలు లెక్కలు ఆ గీత వెంట చుక్కలు. మొదటిసారి చూసినప్పుడు అతను తెర దగ్గరికి వంగి, "ఇదంతా నేను నడిచిందేనా మేడం?" అన్నాడు.

పదకొండింటికి గాబ్రియేలు నీళ్ల సీసాను షెడ్డు గోడకు తగిలించి ఆఫీసులోకి వచ్చాడు. గింజలు బల్ల మీద పోసి ఇద్దరూ లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది. చుక్క గీత పక్కనే పడింది. శివాని నవ్వలేదు.

"అన్నీ బానే ఉండాయి గాబ్రియేలన్నా. ఆ ఒక్కటే నా మాట వినడంల్యా."

ఆరేళ్ల కిందటి నవంబరు. అక్టోబరులో ఎనభై మూడు. కోత అయ్యాక సగానికి పడిపోవాల్సినవి, నవంబరులోనూ ఎనభై మూడే.

"పక్క చేలల్లోంచి వలస వచ్చినాయేమోనని కొత్త సూత్రం కడతాండా. నెలాయె. రేపు పై ఆఫీసుకు పంపాల."

నెల రోజులుగా ఆమె ఆ చుక్కను వేలితో చూపినప్పుడల్లా అతను కిటికీ వైపు చూస్తూ వచ్చాడు. ఈ రోజు అలా చూడలేకపోయాడు.

"వలస కాదు మేడం. అది నా అబద్ధం."

శివాని కుర్చీ తిప్పింది.

"ఆ నెల మా ఇంటామె విశ్వాసమ్మ కర్నూలు ఆసుపత్రిలో ఉండె. మంచం కాడ్నుంచి లేయలేకపోయినా. ఆమెను మట్టిలో పెట్టి వచ్చి పుస్తకం తెరిస్తే గడి ఖాళీగా ఉండె. ముందు నెలదే ఎక్కిచ్చినా. ఎవురూ అడగల్యా. ఇన్నేండ్లలో అదొక్కటే మేడం. నా మీద కాయితం రాయాలంటే రాయండి."

"నెల రోజులు, అన్నా..." అంది శివాని. తక్కినది మింగేసింది. అతని ప్యాంటు మోకాళ్ల దగ్గర మట్టి ఇంకా ఆరలేదు. ఆమె తెర వైపు తిరిగి ఎనభై మూడును చెరిపేసింది. వలస సూత్రాన్నీ తీసేసింది. గీత ఖాళీ మీదుగా సాఫీగా సాగిపోయింది.

"ఆ నెల నలభై ఒకటి ఉండుంటాయంటాంది."

గాబ్రియేలు కళ్లు మూసుకున్నాడు. ఆ నవంబరు తాను నడవని గట్లు ఒక్కొక్కటే నడిచాడు.

"ఉంటాయి మేడం. నలభై, నలభై రెండు. కోత అయినాక అంతే."

"ఈ గడి ఖాళీగానే పెడతా. ఇంట్లో మనిషి పోయినందుకు లెక్క తీయలేదని కింద రాస్తా. సరేనా?"

అతను తల ఊపాడు. గడప దాకా వెళ్లి ఆగాడు.

"ఆమె పేరు రాయొచ్చునా?"

శివాని రాసింది. అతను బల్ల దాకా తిరిగొచ్చి, పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం చదువుకున్నాడు. ఆ నవంబరు నుంచి ఎక్కడో బిగుసుకున్నది ఏదో వదులైనట్టు, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం అందరూ దండ వేసి, మిక్చరూ టీ ఇచ్చారు. మాట్లాడమంటే, "శానా మంచిగా చూసుకున్నారు" అని కూర్చున్నాడు. నాలుగింటి బస్సుకు దండ చేత్తో పట్టుకునే ఎక్కాడు.

షెడ్డు గోడ మేకుకు, తడి గోనె చుట్టిన అతని నీళ్ల సీసా వేలాడుతూ ఉండిపోయింది. దాని అడుగు నుంచి ఒక్కో బొట్టే దుమ్ములో పడుతోంది.